వెనక దర్వాజ

ఎర్రమట్టిగూడెం దవాఖానకు మనుషులకన్నా ముందు చెప్పులు వస్తాయి. పొద్దున ఆరు కాకముందే వరండా మెట్ల దగ్గర మొదలై గేటు దాకా వరసగా పరుచుకుంటాయి. పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్న హవాయి చెప్పులు, జత లేని ఒంటి చెప్పులు, పిల్లల బడి బూట్లు, ఏమీ దొరకనివాళ్లు పెట్టిన ఇటుక ముక్కలు, నీళ్ల సీసాలు. వాటి యజమానులు మాత్రం ఇంటికి పోయి ముఖం కడుక్కుని, బర్రెకు గడ్డి వేసి, చాయ తాగి, తొమ్మిదింటికి చిట్టీలు రాయడం మొదలయ్యే వేళకు తాపీగా వచ్చి ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు పెట్టి నిలబడతారు.

లచ్యా తండా నుంచి వెంకటేశ్ ఆటో తొమ్మిదిన్నరకు గానీ రాదు. బడి పిల్లల్ని దించాకే అతను తండా మనుషుల్ని ఎక్కించుకుంటాడు. ఆ ఆటోలోంచి దిగినవాళ్లు జ్వరంతో వణుకుతున్నా సరే, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నా సరే, పోయి ఆఖరి ఇటుక ముక్క వెనక నిలబడవలసిందే.

ఇది ఎవరో కుళ్లుబుద్ధితో పెట్టిన పద్ధతైతే తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరికేవాడు. అట్లా కూడా కాదు. పోయిన వానకాలం యూరియా బస్తాల కోసం సొసైటీ ముందు చెప్పులు పెట్టి పెట్టి ఊరంతా నేర్చుకున్న విద్య ఇది. రిటైరైన బస్సు కండక్టరు సదానందం మోకాళ్లు పట్టేసి నిలబడలేక, ఒకరోజు దవాఖాన ముందు కూడా తన చెప్పులు వరసలో పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. ముసలివాళ్లకు ఎంత సుఖంగా ఉందో అని డాక్టరు గీతాంజలి కూడా మెచ్చుకుంది. అంతే. వారం తిరిగేసరికి ఊళ్లో పడుచువాళ్లంతా ముసలివాళ్లయిపోయారు.

ఆ సోమవారం మోతీబాయి బీపీ గోళీల కోసం వచ్చి, ఎప్పటిలాగే చెప్పుల వెనక నిలబడి, పన్నెండు దాటాక గోళీలు కొంగున కట్టుకుని బయటికి వస్తుంటే నర్సు ఉమారాణి పిలిచింది. డాక్టరమ్మ గదిలోకి రమ్మంటున్నదంది. మోతీబాయి కొంగు సర్దుకుని పోయింది. లోపల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఒకదాంట్లో సిమెంటు దుకాణం చంద్రమోహన్, దవాఖాన కమిటీకి ఆయన చైర్మన్. ఇంకోదాంట్లో సదానందం. మోతీబాయి అలవాటు ప్రకారం గోడవారగా నేల మీద కూర్చోబోయింది. డాక్టరు లేచి వచ్చి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

సంగతేమిటంటే, కమిటీలో రోగుల తరఫున ఒక మనిషి ఉండాలని పైనుంచి కాగితం వచ్చిందట. ఆడమనిషైతే మంచిది, తండా మనిషైతే ఇంకా మంచిదట. నెలనెలా తప్పకుండా వచ్చే రోగి ఎవరని రిజిస్టరు తిరగేస్తే మోతీబాయి పేరు తేలింది. డాక్టరు ఇదంతా వివరంగా చెప్పి, ఇష్టమేనా అని అడిగింది. ఈమె వద్దని ఎట్లా అంటుంది! కిందటేడు కూతురు ప్రియకు కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే, అంబులెన్సు కోసం చూడకుండా తన కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని మానుకోట పెద్దాసుపత్రికి తీసుకుపోయిన మనిషి ఆ డాక్టరు. సీటంతా నెత్తురైతే మర్నాడు తనే బకెట్లో నీళ్లు తెచ్చి కడుక్కుందని వెంకటేశ్ కళ్లారా చూసి చెప్పాడు. ఆ డాక్టరమ్మ బాయిలో దూకమంటే మోతీబాయి ఏ బాయి అని అడిగి దూకుతుంది.

రిజిస్టరులో పేరు రాసింది. పెద్దల రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు, తలకట్లు విడివిడిగా వచ్చాయి. ఫ్యాను గురించి, నీళ్ల ఫిల్టరు గురించి, ప్రహరీ గోడ గురించి చంద్రమోహన్ మాట్లాడాడు. చాయ, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. మీ దిక్కు నుంచి ఏమన్నా చెప్పేదుందా అని డాక్టరు అడిగింది.

"మీ దయతోని అంత మంచిగనే ఉన్నదమ్మా" అంది మోతీబాయి.

అది అబద్ధమని ఆమెకు ఆ క్షణంలో అనిపించలేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి చెప్పుల వరస కనబడదు కదా. కిటికీలోంచి చూస్తే వేపచెట్టు కొమ్మలే కనబడుతున్నాయి.

కమిటీ అయ్యేసరికి ఆటో వెళ్లిపోయింది, నడిచిపోదామని బయటికి వస్తే ఉమారాణి వరండాలో ఆపింది. మోతీబాయి మొగుడు హీర్యా కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వస్తలేడేమని అడిగింది. అప్పుడు గానీ మోతీబాయికి నోరు పెగల్లేదు. పత్తి చేను తీసేటప్పుడు కట్టె మోడు అరికాల్లో గుచ్చుకుంది. షుగరున్న ఒళ్లు, పుండు మానలేదు. తండాకు వచ్చినప్పుడు ఉమారాణే మొదటి కట్టు కట్టి, రోజు విడిచి రోజు దవాఖానకు వచ్చి మార్పించుకోవాలంది. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ చెప్పుల వెనక ఒంటికాలి మీద నిలబడి నిలబడి, వరస సగం కూడా కదలకముందే పన్నెండున్నరకు వెంకటేశ్ హారను కొడితే వెనక్కి పోయాడు. ఆటో పోతే ఏడు కిలోమీటర్లు ఆ కాలితో నడవాలి. మూడోసారి రమ్మంటే, ఇటుక ముక్క వెనక నిలబడడానికి తాను మనిషినా గొడ్డునా అని మంచం దిగలేదు. మోతీబాయికి భయం పట్టుకుంది. వాళ్ల తండాలోనే దేవ్యాకు ఇట్లాగే మొదలై మోకాలి కింద దాకా తీసేశారు. ఇప్పుడు దేవ్యా గడప ముందు మంచం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తుంటాడు. చేను కౌలుకు పోయింది.

ఉమారాణి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు ఇప్పుడు మెంబరువు గదక్కా. ఆయనను వరుసల నిలబెట్టకు. ఎన్క దర్వాజ నుంచి తీస్కరా, నేను కట్టు కట్టి పంపిస్త."

మోతీబాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చల్లని మాటకు ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది.

బుధవారం హీర్యా వచ్చాడు. వెనక దర్వాజ మందుల గదికీ స్నానాల గదికీ మధ్య ఉంటుంది, రేకు తలుపు. ఉమారాణి లోపలి నుంచి గడియ తీసింది. స్టూలు మీద కూర్చోబెట్టి, కాలు ఇంకో స్టూలు మీద పెట్టించి, పాత కట్టును సెలైను నీళ్లతో తడిపి తడిపి నొప్పి లేకుండా విప్పింది. దూదితో లోపలి నుంచి బయటికి తుడిచింది, ఒకసారి తుడిచిన దూదిని మళ్లీ పుండుకు తాకించలేదు. మందు రాసి, గుడ్డ పెట్టి, వేళ్ల సందుల్లోంచి తిప్పి చిటికెలో చుట్టేసింది. హీర్యా నోరు తెరుచుకుని ఆ చేతులనే చూశాడు. చిట్టీ లేదు, రాత లేదు, పిలుపు లేదు. పావుగంటలో పని అయిపోయింది. పోతూపోతూ ఆయన ఉమారాణికి దండం పెట్టాడు. ఆయన ఎవరికీ దండం పెట్టే రకం కాదు.

శుక్రవారం కూడా అంతే. సోమవారానికి పుండు పైన గులాబీ రంగు తోలు వచ్చింది. హీర్యా ఇంటి ముందు కూర్చుని పాదం ఎత్తి అందరికీ చూపించుకున్నాడు. తన పెండ్లాం మెంబరని, సర్కారు మనిషని, కుర్చీలో కూర్చుంటదని చెప్పుకున్నాడు. ఆయన నోట తన గురించి ఒక మంచి మాట వినడానికి మోతీబాయికి ముప్పై ఏళ్లు పట్టింది. వినడానికి బాగానే ఉంది.

అయితే ఆ సోమవారమే ఆటోలో ఒక సంగతి జరిగింది. వీళ్లతోపాటు కమల కూడా ఉంది. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల, వారం నుంచి కాళ్లు వాచి, తల తిరుగుతోంది. మోతీబాయి మొగుణ్ణి తీసుకుని వెనకవైపు నడుస్తుంటే కమల పోయి ఇటుక ముక్క వెనక నిలబడింది. కట్టు అయిపోయి వీళ్లు వేపచెట్టు కింద రెండు గంటలు కూర్చున్నా కమల వంతు రాలేదు. వెంకటేశ్ హారను కొట్టాడు. కమల చిట్టీ కూడా లేకుండానే వచ్చి ఆటో ఎక్కింది. ఎక్కి, పక్కకు జరిగి, హీర్యాను కాలు చాపుకొమ్మని చోటిచ్చింది. మోతీబాయికి ఏదో ఒకటి అనాలనిపించి, పొద్దుపోయిందిలే, బుధవారం రావచ్చులే అంది.

"గదేం పరవాలేదు. మనోళ్లు ఒక్కరన్న లోపటికి పోతున్నరు, సంతోషమే గదా" అంది కమల. వాళ్ల లంబాడా భాషలో అంది, మనస్ఫూర్తిగా అంది.

ఎత్తిపొడుపైతే మోతీబాయి తిరిగి రెండనేది. ఎదుటిమనిషి నిజంగానే సంతోషిస్తుంటే ఏం అనాలి? తండా వచ్చేదాకా ఆమె కమల వాచిన పాదాలవైపు చూడకుండా రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

సాయంత్రం జొన్నరొట్టెలు చేస్తూ మొగుడితో అంది. రేపు నీళ్ల ఫిల్టరు సంతకాలకు కమిటీ ఉందట, రమ్మన్నారు. చెప్పుల సంగతి చెపుతానంది. హీర్యా రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపాడు. ఆయనకు కోపం వస్తే అరవడు, మెల్లగా మాట్లాడతాడు. అదే ఇంకా భయం. మన కోసం ఒక తలుపు తెరిచారు, దాన్ని కూడా నీ చేతులతో మూయించుకుంటావా అన్నాడు. చెప్పుల వెనకైతే తాను రానన్నాడు, కాలు ఊడి కింద పడ్డా రానన్నాడు. ఆఖరుకు ఇంకో మాట అన్నాడు.

"ప్రియను బతికించిన అమ్మ మీదనే ఫిర్యాదు చేస్తవా? మనకు గింతన్న విశ్వాసం లేదా?"

ఆ మాట దగ్గర మోతీబాయి చేతిలోని పిండిముద్ద అట్లాగే ఉండిపోయింది. ఆమెకు లోపల సరిగ్గా గుచ్చుకుంటున్నది కూడా అదే. పెనం మీద రొట్టె మాడిపోయి పొగ వచ్చింది.

మంగళవారం మళ్లీ అవే నాలుగు కుర్చీలు. ఫిల్టరు కాగితం మీద సంతకాలు అయిపోయాయి. చంద్రమోహన్ అప్పుడే లేచి చొక్కా సర్దుకుంటున్నాడు. బజ్జీలు రాలేదింకా. చెప్పేదేమన్నా ఉందా అని డాక్టరు మళ్లీ అడిగింది. అందరినీ అడిగినట్టే అడిగి కలం మూత పెడుతోంది. మోతీబాయి లేచి నిలబడింది. కూర్చుని చెప్పమన్నా కూర్చోలేదు, కూర్చుంటే మాట రాదని భయం.

"అమ్మా, నువ్వు మాకు దేవతవు. నా బిడ్డ పానం నీదే. గా మాట ముందుగాల చెప్పి ఇంకో మాట చెప్త. మా తండోళ్లు చెప్పుల ఎన్క నిలబడుతున్నరు. చెప్పులకు చిట్టీలు అందుతున్నయి, మాకు అందుతలేవు. నిన్న కమలమ్మ ఏడు నెలల కడుపుతోని నిలబడి నిలబడి నిన్ను చూడకుంటనే పోయింది."

సదానందం ముఖం చిన్నబోయింది. తనలాంటి నిలబడలేనివాళ్ల కోసం మొదలుపెట్టిందేగానీ ఎవరినీ ఆపాలని కాదని ఆయన మెల్లగా అన్నాడు. అది నిజమే, మోతీబాయి కూడా అవునంది. చంద్రమోహన్ మాత్రం మళ్లీ కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. ఆయన దుకాణం దవాఖాన వెనక సందులోనే ఉంది.

"న్యాయం మంచిగనే చెప్తున్నవ్ గని మోతీబాయీ, మరి నువ్వెందుకు మీ ఆయనను రోజు విడిచి రోజు ఎన్క దర్వాజ నుంచి తోలుకపోతున్నవ్? మేం చూస్తలేమనుకున్నవా?"

ఉమారాణి గుమ్మంలో చాయ ట్రేతో నిలబడి ఉంది. డాక్టరు మోతీబాయివైపు, తర్వాత ఉమారాణివైపు చూసింది. ఆమెకు ఈ దర్వాజ సంగతి తెలియదు. ఆ చూపుతోనే మోతీబాయికి అర్థమైంది. ఉపకారం చేసిన మనిషిని నడిమధ్యలో నిలబెట్టేసింది తను.

"పోయిన" అంది. "నేనే తోలుకపోయిన. సిస్టరమ్మ తప్పేం లేదు, మా పరేషాన్ చూసి జాలిపడ్డది. నేను లోపటికి పోయినంక బయట నిలబడ్డోళ్లు ఎట్ల కనవడుతరో చూసిన, గందుకే చెప్తున్న. ఇగ పోను. మా ఆయన కూడ వరుసలనే నిలబడుతడు."

చెప్పింది గానీ, చెపుతుండగానే హీర్యా పాదం కళ్ల ముందు కదిలింది. ఆయన నిలబడడని ఆమెకు తెలుసు.

చెప్పులు తీసేస్తే ఊరివాళ్లు ఊరుకోరని చంద్రమోహన్ అన్నాడు. గొడవలవుతాయన్నాడు. మోతీబాయి తీసెయ్యమనలేదు. సదానందం బాపు మోకాళ్లు అందరికీ తెలుసు, ఆయన ఎట్లా నిలబడతాడు అంది. తమ తండాలో వేసవిలో నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు ఏం చేస్తారో చెప్పింది. పై వాడవాళ్ల ఇళ్లు రోడ్డు పక్కనే, బిందెలు ముందే వరసగా పెట్టుకుంటారు. కింది వాడవాళ్లు ఉరికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. కొట్టుకుని కొట్టుకుని, తలకాయలు పగిలాక, ఆఖరుకు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పై వాడది ఒక బిందె నిండితే కింది వాడది ఒక బిందె. ఎవరు ముందొచ్చారన్న లెక్క ఎవరి వాడలో వాళ్లకే.

"గట్లనే ఊరోళ్లది ఒక చెప్పు, ఆటోల వచ్చినోళ్లది ఒక మనిషి. మల్ల ఒక చెప్పు, మల్ల ఒక మనిషి."

సదానందం నవ్వాడు. ముందు ఆయనే నవ్వాడు, తర్వాత డాక్టరు నవ్వింది. చంద్రమోహన్ నవ్వలేదు గానీ కాదని కూడా అనలేదు. డాక్టరు కలం మూత మళ్లీ తీసి రిజిస్టరులో రాసుకుంది. రేపటి నుంచే అంది. వెనక దర్వాజకు తాళం వేసి తాళంచెవి తన బల్ల సొరుగులో పెట్టమంది. ఉమారాణి తల వంచుకునే చాయ ఇచ్చింది, మోతీబాయి ముఖం చూడలేదు. మోతీబాయి చాయ తాగకుండానే పక్కన పెట్టేసింది. క్షమించమని వరండాలో ఆమె వెంట రెండడుగులు పోయింది. పని ఉందక్కా అని ఉమారాణి లోపలికి వెళ్లిపోయింది.

బుధవారం హీర్యా మంచం దిగలేదు. పిలిస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెండ్లాం పెట్టిన అన్నం తిన్నాడు, మాట మాత్రం లేదు. గురువారమూ అంతే. పిల్లలతో మాట్లాడాడు, మేకతో మాట్లాడాడు, మోతీబాయి ఎదురొస్తే నోరు మూసుకున్నాడు. కట్టు మురికిపట్టింది. తను విప్పుతానంటే కాలు వెనక్కి లాక్కున్నాడు. మోతీబాయి ఆ రెండు రోజులు తమ దేవుడు సేవాభాయాకు ఎన్ని మొక్కులు మొక్కిందో ఆమెకే లెక్క లేదు. మాట చెప్పి మంచిపని చేశానో, మొగుడి కాలు చేజేతులా తీసుకున్నానో తేల్చుకోలేక పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

బుధవారం వరసకు పోయిన కమల మాత్రం పదకొండుకల్లా అంతా చూపించుకుంది. బీపీ ఎక్కువుందని డాక్టరు అప్పటికప్పుడు గోళీలు ఇచ్చి, వారం వారం రమ్మందట. ఆ పిల్ల ఇంటింటికీ పోయి ఇదే కథ. సదానందం వరస పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడట, బస్సులో టికెట్లు కొట్టే గొంతుతో "ఊరు... తండా... ఊరు... తండా..." అని పిలుస్తున్నాడట. ఊరివాడొకడు నాలుగు జతల చెప్పులు పెడితే, నీకెన్ని కాళ్లురా అని మూడు జతలు గోడ అవతలికి విసిరేశాడట. కమల ఆయన గొంతు తీసి మరీ చేసి చూపిస్తుంటే, తండా ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. గోడవైపు తిరిగి పడుకున్న హీర్యా చెవులు ఇటే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున ఆయనకు ఒళ్లు వెచ్చగా ఉంది. వెంకటేశ్ ఆటో వచ్చి ఆగింది. హీర్యా ఎవరికీ చెప్పకుండా లేచి, తువ్వాల భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. మోతీబాయి గబగబా గిన్నెలు మూసి, ఉన్న చీరతోనే పరుగెత్తి వెనక ఎక్కింది. ఎందుకొస్తున్నావని అడిగే ధైర్యం చెయ్యలేదు.

తండా వరసలో హీర్యాకు ముందు ముగ్గురున్నారు. ఊరి వరసలో చెప్పులే. సదానందం ఆయన కాలు చూసి స్టూలు మీంచి లేవబోయాడు. అక్కర్లేదని హీర్యా చెయ్యి అడ్డం పెట్టాడు. కర్ర మీద ఆనుకుని, అందరిలాగే నిలబడ్డాడు. "తండా" అన్న పిలుపు నాలుగోసారి వచ్చినప్పుడు పోయి చిట్టీ రాయించుకున్నాడు. పేరు హీర్యా, వయసు యాభై ఆరు, కాలి పుండు, షుగరు. కాల్లో మోడు దిగిన నెలన్నరలో ఆయన పేరు ఆ దవాఖాన కాగితం మీద పడడం అదే మొదలు.

చిట్టీ ఉంటే డాక్టరు గదిలోకి పోవాలి. కట్టు తర్వాత. గీతాంజలి కట్టు విప్పించి పాదాన్ని తన మోకాలి మీదికి తీసుకుంది. పుండు పైన తోలు నున్నగా, గులాబీ రంగులో, చూడముచ్చటగా ఉంది. మోతీబాయి ఊపిరి పీల్చుకుంది. కానీ డాక్టరు దాన్ని చూసి సంతోషించలేదు. బొటనవేలితో పుండు చుట్టూ నొక్కుకుంటూ వచ్చింది. ఒకచోట నొక్కగానే కాలివేళ్ల సందులోంచి చీము వచ్చింది. గదంతా వాసన కొట్టింది. హీర్యాకు నొప్పే తెలియలేదు. నొప్పి తెలియకపోవడమే చెడ్డదని డాక్టరు అంది. ఉమారాణిని పిలిచింది.

పైన మూసుకుపోయి లోపల కుళ్లుతోందని, లోపల ఏదో ఉండిపోయిందని, ఎముక దాకా పోయిందో లేదో మానుకోటలో ఎక్స్‌రే ఫోటో తీసి చూడాలని, ఇవాళే పోవాలని చెప్పింది. చెపుతూనే కాగితం రాస్తోంది. ఫోను చెవికి ఆనించుకుని అక్కడి డాక్టరుతో మాట్లాడుతోంది.

"ఇన్ని రోజులు నాకెందుకు చూపియ్యలేదు?" అంది డాక్టరు ఫోను పెట్టేసి. "ఎన్క దర్వాజల చిట్టీ ఉండదు, చిట్టీ లేకుంటే నా దగ్గరికి రారు. పైన మంచిగ కట్టు కట్టుకుంట పోతే ఇంకో వారానికి పాదమే తీసేద్దురు."

ఉమారాణి ఏడ్చేసింది. మేలు చేస్తున్నాననుకున్నానని, తోలు వచ్చింది చూసి మానుతోందనుకున్నానని, డాక్టరుకు చూపించాలని తట్టలేదని చెప్పింది. మోతీబాయి పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. నీకు తెలిసినంతలో నువ్వు చేశావు, నీ చెయ్యి చల్లనిది తల్లీ అంది. ఈసారి ఉమారాణి చెయ్యి విడిపించుకోలేదు.

ఆటో గేటు దాటేలోపు మోతీబాయి వెనక్కి వచ్చి డాక్టరు కాళ్ల మీద పడబోయింది. గీతాంజలి మధ్యలోనే పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. నాలుగేండ్ల సంది ఇక్కడ పని చేస్తున్న. అందరు దండం పెట్టెటోళ్లే, కంకులు తెచ్చిచ్చెటోళ్లే. తప్పు జరుగుతున్నదని మొకం మీద చెప్పింది నువ్వొక్కదానివే. ఇగ నెలనెల చెప్పు."

మానుకోటలో సాయంత్రానికల్లా పని అయిపోయింది. అరికాలి పుండును కోసి తెరిచి, కడిగి, లోపలి నుంచి గోరంత పత్తికట్టె ముక్క తీసి ట్రేలో పెట్టి చూపించారు. ఎముకకు అంటలేదు, వేళ్లు అయిదూ ఉంటాయి, పది రోజులు ఇక్కడే ఉండాలన్నాడు అక్కడి డాక్టరు. మోతీబాయి వార్డులో మంచం పక్కన నేల మీద కూర్చుని బ్రెడ్డు పాలలో ముంచి మొగుడికి తినిపించింది. హీర్యా రెండు ముక్కలు తిన్నాడు. మూడోది వద్దని తల అడ్డంగా ఊపి, కట్టు కట్టిన పాదంవైపు చాలాసేపు చూశాడు.

"ఆ దర్వాజ మూసినవని నీతోని మాట్లాడలే" అన్నాడు వాళ్ల భాషలో.

"తెల్సు" అంది మోతీబాయి.

"మూయకపోతే దేవ్యా పక్కన నాది కూడ ఒక మంచం పడుతుండె."

మోతీబాయి కళ్లు తుడుచుకుని, ఇంకొక్క ముక్క తినమని బ్రెడ్డు పాలలో ముంచింది. ఆయన నోరు తెరిచాడు.